"జెంటూ" అంటే తెలుగా, హిందువా, పెంగ్వినా?

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ఇది. పాత మద్రాసు రికార్డులో ఇల్లు అమ్మిన పత్రాలు "జెంటూ"లో రాశారని చదివారు. జెంటూ అంటే తెలుగు అని ఎవరో చెప్పారు. అలాగైతే 1776లో లండన్‌లో అచ్చయిన "జెంటూ లాస్" తెలుగువాళ్ల చట్టాలేనా అని మీ సందేహం. ఇంకోటి, ఈ మాట "జంతువు" నుంచి వచ్చిందని, తెల్లవాళ్లు మనల్ని జంతువులన్నారని వాట్సాప్‌లో తిరుగుతోంది, అది నిజమా అని. చివర్లో పెంగ్విన్‌కీ, మీ అబ్బాయి కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ సాఫ్ట్‌వేర్‌కీ అదే పేరు ఎందుకుందని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీరు చదివిన మద్రాసు పత్రాల్లో జెంటూ అంటే తెలుగే. 1776 నాటి పుస్తకానికి మాత్రం తెలుగుతో ఏ సంబంధమూ లేదు. జంతువు కథ తప్పు, కానీ ఆ తప్పుకు ఒక చరిత్ర ఉంది. పెంగ్విన్‌ది మాత్రం దూరపు చుట్టరికం.

ఇప్పుడు వివరంగా. ఈస్టిండియా కంపెనీ కాలం కాగితాలు చదవడం నా పనిలో భాగం. ఈ ఒక్క మాట దగ్గర బోల్తా పడిన వ్యాసాలు, పుస్తకాలు చాలా చూశాను. జెంటూ కనిపించిన ప్రతిచోటా "తెలుగు" అని రాసేస్తారు కొందరు, "హిందువు" అని రాసేస్తారు ఇంకొందరు. రెండూ తప్పే. ఈ మాటకు నిఘంటువు అర్థం ఒకటి పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. దాని పక్కన, దానికి ఎదురుగా ఏ మాట పెట్టారో చూడాలి. ఆ కాగితాల్లో మూర్లంటే ముస్లింలు, మలబారులంటే తమిళులు. "మూర్లు, జెంటూలు" అని ఉంటే జెంటూ అంటే హిందువు. "మలబారులు, జెంటూలు" అని ఉంటే జెంటూ అంటే తెలుగువాడు. నూటికి తొంభై చోట్ల ఈ ఒక్క సూత్రంతో పని జరిగిపోతుంది. ఎందుకు జరుగుతుందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

లాటిన్‌లో "జెన్స్" అంటే వంశం, తెగ. ఆ వంశంవాడు "జెంటిలిస్". బైబిల్ లాటిన్‌లోకి వచ్చినప్పుడు యూదులు కాని జాతులన్నిటికీ ఈ మాటే వాడారు. క్రైస్తవం పెరిగాక క్రైస్తవులూ యూదులూ కానివాళ్లకు, అంటే విగ్రహారాధకులకు, అది పేరుగా స్థిరపడింది. పోర్చుగీసులో దాని రూపం "జెంతియు". ఇంగ్లీషులో జెంటైల్, జెంటిల్, జెంటీల్, చివరికి జాంటీ కూడా ఈ మూలం నుంచి వచ్చినవే. ఒకే మాట ఒకచోట మర్యాదస్తుడు అయింది, ఒకచోట అన్యమతస్థుడు అయింది.

1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగినప్పుడు అతని మనుషులు అక్కడి హిందువులను ఒక రకం క్రైస్తవులు అనుకున్నారు. గుడికి వెళ్లి, చర్చి అనుకుని ప్రార్థన కూడా చేశారు. ఆ భ్రమ తర్వాత తొలగిపోయింది. ముస్లింలతో వాళ్లకు సొంత దేశంలోనూ మొరాకోలోనూ పాత పరిచయం ఉంది కాబట్టి ఇక్కడి ముస్లింలనూ "మౌరు" అనే పిలిచారు. ఇంగ్లీషువాళ్ల "మూర్" అదే. మిగిలినవాళ్లు జెంతియులు. అంటే మొదట్లో ఈ మాటకు భాషతో, ప్రాంతంతో పని లేదు. గోవాలోనైనా బెంగాల్లోనైనా మూర్ కానివాడు జెంతియు. చైనావాళ్లను కూడా ఆ మాటతో పిలిచిన పోర్చుగీసు రచనలున్నాయి.

ఇంగ్లీషువాళ్లు పదిహేడో శతాబ్దంలో తూర్పు తీరానికి వచ్చేసరికి రేవుల్లో నడిచే వ్యాపార భాష పోర్చుగీసే. దానితో పాటు ఈ మాటా వాళ్ల నోటికి వచ్చింది. చెవికి వినపడినట్టు రాసుకున్నారు: జెంటూ, జెంటు, జెంట్యూ. డచ్చివాళ్లు జెంటివ్, జెంటీఫ్ అని రాశారు.

జంతువు సంగతి ఇక్కడే చెప్తాను. ఇది వాట్సాప్‌లో పుట్టిన ఊహ కాదు. నథానియల్ బ్రాసీ హాల్హెడ్ అనే కంపెనీ ఉద్యోగి 1776 నాటి తన పుస్తకం ముందుమాటలోనే ఈ విషయం ఎత్తాడు. సంస్కృతంలో ఇలాంటి మాటకు ప్రాణి అని, కుదించి చెప్తే మనిషి అని అర్థమని రాశాడు. అయితే ఆ మాటను సంస్కృతంలో గానీ, అప్పటి బెంగాలీలో గానీ ఒక మతంవాళ్లకు పేరుగా వాడరని కూడా అక్కడే స్పష్టంగా చెప్పాడు. వాట్సాప్ మెసేజ్‌లో ఆ రెండో ముక్క ఉండదు. పోర్చుగీసు రాతల్లో ఈ మాట అంతకు రెండు శతాబ్దాల ముందు నుంచీ ఉంది, "జెంటూ" రూపం అక్కడి నుంచే వచ్చింది కాబట్టి "జంతువు" నుంచి పుట్టే ప్రశ్నే లేదు. తమాషా ఏమిటంటే, లాటిన్ జెన్స్‌కీ, సంస్కృత జంతు శబ్దానికీ మూలం ఒకటే. పుట్టుకను చెప్పే "జన్" ధాతువు. జనం, జన్మ, జాతి, జంతువు మనవైపు. జెన్స్, జీనస్ వాళ్లవైపు. ఇవన్నీ ఇండో యూరోపియన్ భాషల ఒకే వేరు నుంచి చీలినవి. అంటే హాల్హెడ్‌కు తట్టిన పోలిక ఉత్త గాలిపోలిక కాదు. కానీ పోలిక వేరు, పుట్టుక వేరు. తిట్టు అన్న విషయానికొస్తే, జెంతియు అన్నది గౌరవంగా వాడిన మాటైతే కాదు. అన్యమతస్థుడన్న చిన్నచూపు దాంట్లో ఉంది. జంతువు అన్న తిట్టు మాత్రం లేదు.

ఇక రెండు అర్థాలు రెండు ఊళ్లలో ఎలా నడిచాయో చూద్దాం.

కలకత్తా వైపు అన్ని చోట్లా జెంటూ అంటే హిందువే. బెంగాల్లో కంపెనీ అధికారి విలియం హెడ్జెస్ 1680ల నాటి తన డైరీలో, జాబ్ చార్నాక్ అనే ఇంకో కంపెనీ ఉద్యోగి ఒక "జెంటూ స్త్రీ"ని తన దగ్గర ఉంచుకున్నాడని ఒక "జెంటూ" వచ్చి ఫిర్యాదు చేశాడని రాసుకున్నాడు. వీళ్లలో తెలుగువాళ్లు ఎవరూ లేరు. హుగ్లీ ప్రాంతపు సంగతి అది. దీన్ని చదివి "చార్నాక్ భార్య తెలుగావిడ" అనుకుంటే ఒక్క మాటతో చరిత్ర తలకిందులవుతుంది.

కోర్టు కాగితాల్లోనూ అంతే. 1744లో లండన్‌లో ఒమిచంద్ వర్సెస్ బార్కర్ అనే కేసు విచారణకు వచ్చింది. కలకత్తాలో కొందరు సాక్షులు తమ ఆచారం ప్రకారం బ్రాహ్మణుడి పాదం ముట్టుకుని ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చారు. బైబిల్ మీద చెయ్యి వెయ్యని సాక్ష్యం ఇంగ్లీషు కోర్టులో చెల్లుతుందా అన్నది ప్రశ్న. చెల్లుతుందని లార్డ్ చాన్సలర్ హార్డ్‌విక్ తీర్పు ఇచ్చాడు. దేవుణ్ణి నమ్మే మనిషి తన మతాచారం ప్రకారం చేసిన ప్రమాణం చాలునన్నాడు. ప్రమాణాల చట్టంలో ఇప్పటికీ చెప్పుకునే కేసు ఇది. ఆ సాక్షులను రికార్డులో "జెంటూ మతస్థులు" అన్నారు. మతం అన్న మాటే తోడుగా ఉంది కాబట్టి ఇక్కడ అనుమానానికి తావు లేదు.

1772లో వారెన్ హేస్టింగ్స్ న్యాయవ్యవస్థ ప్రణాళిక వేసినప్పుడు వారసత్వం, పెళ్లి, కులం లాంటి వ్యవహారాల్లో ముస్లింలకు ఖురాన్, జెంటూలకు శాస్త్రం వర్తిస్తాయని రాశాడు. ఆ "శాస్త్రం" ఏమిటో ఇంగ్లీషు జడ్జీలకు తెలియాలి కదా. అందుకని కలకత్తాలో పదకొండు మంది పండితులను కూర్చోబెట్టి ధర్మశాస్త్రాల నుంచి ఒక సంకలనం చేయించాడు. దాని పేరు వివాదార్ణవసేతు. సంస్కృతం నుంచి దాన్ని పారశీకంలోకి మార్చారు, పారశీకం నుంచి హాల్హెడ్ ఇంగ్లీషులోకి మార్చాడు. 1776లో అచ్చయిన ఆ ఇంగ్లీషు పుస్తకమే మీరు అడిగిన "జెంటూ లాస్". పండితులు బెంగాల్ వాళ్లు, మూలం సంస్కృతం, ఉద్దేశించింది హిందువులందరికీ. దీంట్లో తెలుగు ఆచారాల కోసం వెతకడం అనవసరం.

అదే వరసలో 1794లో విలియం జోన్స్ మనుస్మృతి అనువాదం వచ్చింది. దాని పేరులో "హిందూ లా" అని ఉంది, జెంటూ లేదు. రెండు పుస్తకాలకూ మధ్య పద్దెనిమిదేళ్లు. కలకత్తాలో ఈ మాట ఎంత త్వరగా పాతబడిపోయిందో ఈ రెండు పేర్లు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. జోన్స్ చుట్టూ చేరిన పండితవర్గం "హిందూ" వైపు మొగ్గింది. పోర్చుగీసు రేవుల మాట వాళ్లకు మొరటుగా వినిపించి ఉండాలి.

మద్రాసు కథ వేరు. మీ పత్రాలు అక్కడివే కాబట్టి కాస్త ఎక్కువసేపు అక్కడ ఆగుతాను.

1639లో కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకి మద్రాసులో కోట కట్టుకోవడానికి చోటిచ్చింది దామెర్ల వెంకటప్ప నాయకుడు. చంద్రగిరి నుంచి ఏలుతున్న విజయనగర రాజుల కింద పనిచేసిన తెలుగు నాయకుడు ఆయన. చెన్నపట్నం అన్న పేరు ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడిదే. కంపెనీ తొలినాటి దుబాసీల్లో, అంటే మాట అనువదించి బేరాలు కుదిర్చేవాళ్లలో, పెద్ద వర్తకుల్లో బేరి తిమ్మన్న లాంటి తెలుగువాళ్లు ముందు వరసలో ఉన్నారు. అంటే ఇంగ్లీషువాళ్లకు అక్కడ రెండు భాషల జనంతో రోజూ పని. తమిళులకు వాళ్లు పెట్టిన పేరు "మలబారు". ఇప్పుడు మలబారు అంటే కేరళ తీరం కాబట్టి ఇది మనకు వింతగా ఉంటుంది. కానీ అప్పట్లో యూరోపియన్లకు తమిళమే మలబారు భాష. 1779లో మద్రాసు దగ్గర వేపేరిలో ఫాబ్రిషియస్ అచ్చు వేసిన "మలబారు - ఇంగ్లీషు నిఘంటువు" తిరగేస్తే లోపల ఉన్నదంతా తమిళం. తమిళులకు మలబారులన్న పేరు ఉండగా, మిగిలిన పెద్ద వర్గమైన తెలుగువాళ్లకు జెంటూలన్న పేరు స్థిరపడింది.

మీరు చదివిన వాక్యం పద్దెనిమిదో శతాబ్దం మొదట్లోది. అమ్మకపు పత్రాలు "కాజన్ ఆకుల మీద జెంటూలో" రాస్తారని, వాటిని "టౌన్ కానికాప్లీ" దగ్గర ఉండే రిజిస్టరులో ఎక్కిస్తారని దాని సారాంశం. ఒక్క వాక్యంలో మూడు పాత మాటలున్నాయి. కాజన్ ఆకులంటే తాటాకులు. కానికాప్లీ అంటే తమిళంలో కణక్కుప్పిళ్లై, అంటే లెక్కలు రాసేవాడు, మన కరణం లాంటివాడు. జెంటూ అంటే తెలుగు. అది తెలుగేనని ఎలా చెప్పగలమంటే, తాటాకు మీద గంటంతో రాయాలంటే ఒక లిపి, ఒక భాష కావాలి. "హిందువు"లో ఎవరూ పత్రం రాయలేరు. ఇది రెండో సూత్రం. రాయడం, మాట్లాడడం, అనువాదం, వ్యాకరణం, మున్షీ (భాష నేర్పే పంతులు) అనే మాటలు పక్కన కనిపిస్తే జెంటూ భాష పేరే. నాకు ఆ వాక్యంలో ఎక్కువ విలువైనదిగా కనిపించేది వేరే ఉంది. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో మద్రాసులో ఇళ్లు, స్థలాలు చేతులు మారినప్పుడు తెలుగులో పత్రం రాయడం మామూలు పద్ధతి అని, కంపెనీ రిజిస్టరు దాన్ని ఒప్పుకునేదని అది చెప్తోంది. ఆ నగరంలో తెలుగు స్థానం గురించి వాదించేవాళ్లు చాలామంది ఇలాంటి చిన్న వాక్యాలను వదిలేస్తారు.

ఒక హెచ్చరిక. మద్రాసులో కూడా కోర్టు కాగితాలకు ఈ లెక్క వర్తించదు. 1781లో బ్రిటిష్ పార్లమెంటు కలకత్తా సుప్రీంకోర్టుకు సంబంధించి చట్టం చేస్తూ, ముస్లింలకు ముస్లిం చట్టం, జెంటూలకు జెంటూ చట్టం అని రాసింది. 1797లో మద్రాసు, బొంబాయి కోర్టుల కోసం చేసిన చట్టంలోకి కూడా అదే మాట వచ్చింది. కాబట్టి ఒకే ఊళ్లో, ఒకే సంవత్సరంలో, కోర్టు కాగితంలో జెంటూ అంటే తమిళులతో కలిపి హిందువులందరూ, రిజిస్టరులోనో ఉత్తరంలోనో జెంటూ అంటే తెలుగు ఒక్కటే. కాగితం ఏ ఆఫీసులో పుట్టిందో చూడకుండా అర్థం రాయవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

హిందువులందరి పేరు తెలుగువాళ్లకే ఎందుకు అంటుకుంది? 1886లో యూల్, బర్నెల్ కలిసి తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఒక వివరణ ఉంది. పోర్చుగీసువాళ్లు వచ్చేనాటికి దక్షిణాదిన విజయనగరం పెద్ద రాజ్యం. అధికారుల్లో తెలుగువాళ్లే ఎక్కువ. హిందువుల్లో ముఖ్యులుగా కనిపించింది వాళ్లే కాబట్టి జెంటూ అంటే వాళ్లే అయ్యారని దాని సారం. అందరూ దీన్నే తిరిగి రాస్తుంటారు. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. కానీ నాకు పూర్తిగా తృప్తి లేదు. పోర్చుగీసువాళ్లు విజయనగర సైన్యాల్లోని తెలుగువాళ్లను ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చినప్పుడు "బడగలు" అన్నారు. ఉత్తరాదివాళ్లు అని అర్థం. తమిళంలో వడుగులు అన్నట్టే. 1540లలో క్రైస్తవ మిషనరీ ఫ్రాన్సిస్ జేవియర్ రాసిన ఉత్తరాల్లో, ముత్యాల తీరం మీద దాడి చేసిన విజయనగర సైనికులకు ఈ పేరే ఉంది. వాళ్ల నోట తెలుగుకు వేరే పేరు ఉండగా, "జెంటూ అంటే తెలుగు" అన్న వాడుక ప్రధానంగా ఇంగ్లీషు, డచ్చి రాతల్లో బలపడడానికి ఇంకో కారణం ఉండాలి.

ఆ కారణం మచిలీపట్నం అని నా అభిప్రాయం. తూర్పు తీరంలో ఇంగ్లీషువాళ్ల మొదటి వర్తక స్థావరం 1611లో అక్కడే మొదలైంది, మద్రాసుకు ఇరవై ఎనిమిదేళ్ల ముందు. అది గోల్కొండ కుతుబ్‌షాహీల రేవు. అక్కడ పాలకులు, అధికారులు మూర్లు. ఊరి జనం, నేతగాళ్లు, కోమట్లు, కరణాలు జెంటూలు. ఆ జెంటూలందరూ మాట్లాడేది తెలుగు. మతం పేరు, భాష పేరు అక్కడ ఒకే మనుషుల మీద పడ్డాయి. "జెంటూలు మాట్లాడే భాష" కాస్తా "జెంటూ భాష" కావడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. 1648లో డచ్చివాడు వాన్ ట్విస్ట్ గోల్కొండ రాజ్యంలో ఉంటూ ఇండియా అంతటా వ్యాపించిన అన్యమతస్థులను జెంటివ్‌లు అంటారని రాశాడు. అక్కడ అర్థం ఇంకా మతమే, కానీ చూపు మాత్రం గోల్కొండ మీద ఉంది. 1673లో ఈ తీరానికి వచ్చిన డాక్టర్ జాన్ ఫ్రయర్ రాతల్లో మార్పు పూర్తయింది. ఇక్కడి భాషను మామూలుగా జెంటు అంటారని, దాని అసలు పేరు మాత్రం తెలింగ అని రాశాడు. అప్పటికే ఆయనకు ఇది పైవాళ్లు పెట్టిన పేరని, సొంత పేరు వేరే ఉందని తెలుసు. 1726లో డచ్చి రచయిత వాలెంటైన్ కూడా గోల్కొండ భాష జెంటీఫ్, లేదా తెలింగ అని రెండు పేర్లూ చెప్పాడు. ఈ వాడుక మచిలీపట్నం నుంచి మద్రాసుకు వెళ్లి, అక్కడ మలబారు పక్కన గట్టిపడింది. విజయనగరం వివరణను దీనికి తోడుగా ఉంచుకోవచ్చు.

తెలింగ అన్న మాటకు కూడా ఉత్తరాదిన విచిత్రమైన గతి పట్టింది. 1756-57లో క్లైవు మద్రాసు నుంచి బెంగాల్‌కు తీసుకెళ్లిన సిపాయిల్లో తెలుగువాళ్లు ఉన్నారు. యూరోపియన్ పద్ధతిలో కవాతు నేర్చిన దేశీ సైనికుణ్ణి బెంగాల్లో "తిలంగా" అనడం మొదలైంది. తర్వాత ఏ భాషవాడైనా సిపాయి అయితే తిలంగాయే. 1857లో ఢిల్లీవాళ్లు ఉర్దూలో తిరుగుబాటు సిపాయిలను "తిలంగే" అన్నారు. వాళ్లలో ఎక్కువమంది అవధ్, బిహార్ ప్రాంతాలవాళ్లు. మతం పేరు మద్రాసులో భాష పేరైంది, భాష పేరు ఢిల్లీలో ఉద్యోగం పేరైంది. అటు బర్మాలో మనవాళ్లకు కోరంగి రేవు పేరు మీద "కోరంగీలు" అన్న పేరు వచ్చింది. పైవాళ్లు పెట్టిన పేర్లు ఇలాగే నడుస్తాయి. సొంతంగా మనవాళ్లు తమ భాషను తెలుగు, తెనుగు, ఆంధ్రం అన్నారు తప్ప జెంటూ అనుకోలేదు.

పందొమ్మిదో శతాబ్దంలోకి వస్తే ఈ మాట మెల్లగా తప్పుకోవడం కనిపిస్తుంది. 1800లో నిజాం కంపెనీకి ఇచ్చేసిన జిల్లాలకు, అంటే దత్తమండలాలకు, థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరు. రెగ్యులేషన్ల (కంపెనీ చేసిన చట్టాల) జెంటూ అనువాదం ఉంటే ఈ జిల్లాలకు చాలునని, కన్నడం ఎక్కువగా ఉన్న భాగంలో కూడా జెంటూ అర్థమవుతుందని 1801లో రాశాడు. బళ్లారి వైపు పరిస్థితి అది. పరిపాలన నడిపేవాడి నోట ఇది ఇంకా రోజువారీ మాటే.

1816లో మద్రాసులో ఎ. డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. దాని టైటిల్ పేజీని తీరిగ్గా చదవండి. "తెలూగూ భాషా వ్యాకరణం, మామూలుగా జెంటూ అని పిలిచేది, భారత ద్వీపకల్పం ఈశాన్య భాగాల్లో ఉండే హిందువులకు చెందినది" అని పొడుగ్గా ఉంటుంది. తెలూగూ, జెంటూ, హిందూ - మూడు మాటలూ ఒకే పేజీ మీద, ఎవరి పని వాళ్లకు పంచి ఇచ్చాడు. భాషకు అసలు పేరు ముందు వచ్చింది, జనం అలవాటు పడ్డ పేరు పక్కకు జరిగింది, మతానికి హిందూ అన్న మాట వచ్చేసింది. జెంటూ చేస్తున్న రెండు ఉద్యోగాలూ ఇద్దరు కొత్తవాళ్లకు వెళ్లిపోయాయి. అదే పుస్తకంలో మద్రాసులో కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ రాసిన నోట్ ఉంది. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమని, సంస్కృతం నుంచి పుట్టినవి కావని ఆయన అందులో ఉదాహరణలతో చూపించాడు. ద్రావిడ భాషల మీద కాల్డ్‌వెల్ రాసిన పేరున్న పుస్తకానికి నలభై ఏళ్ల ముందు సంగతి ఇది. ఒక భాషను దాని వ్యాకరణంతో, ధాతువులతో పరిశీలించడం మొదలుపెట్టాక "అన్యమతస్థుల భాష" అన్న పేరు నిలవడం కష్టం. సి. పి. బ్రౌన్ వచ్చేనాటికి, 1852లో ఆయన నిఘంటువు అచ్చయ్యేనాటికి పండితుల్లో తెలుగు అన్న పేరే స్థిరం.

మామూలు ఇంగ్లీషువాళ్ల నోట మాత్రం ఇంకొన్నాళ్లు బతికింది. 1837లో రాజమండ్రి జడ్జి భార్య జూలియా అనే ఆవిడ ఇంటికి రాసిన ఉత్తరంలో, సరదాకి జెంటూ నేర్చుకుందామని ఒక మున్షీని వెంటబెట్టుకొచ్చానని, ఇది ఈ ప్రాంతపు భాష అని, ఉన్న అన్ని భాషల్లోకీ చాలా అందమైన వాటిలో ఒకటి అని రాసింది. ఆవిడ ఉత్తరాలు 1843లో పుస్తకంగా వచ్చాయి. గోదావరి ఒడ్డున కూర్చుని మన భాషను మెచ్చుకున్నావిడ కూడా దాన్ని జెంటూ అనే అంది. ఆ మాటలో మొదట ఉన్న చిన్నచూపు అప్పటికి వాడేవాళ్లకే గుర్తు లేదు. 1886లో హాబ్సన్-జాబ్సన్ దీన్ని వాడుక పోయిన మాటగా నమోదు చేసింది. మద్రాసులో మాత్రం తెలుగు అన్న అర్థంలో ఇంకా కొద్దిగా మిగిలి ఉండవచ్చని రాసింది.

పెంగ్విన్ గురించి. జెంటూ పెంగ్విన్ ఫాక్‌లాండ్ దీవుల్లో, అంటార్కిటికా చుట్టుపక్కల దీవుల్లో ఉంటుంది. పెంగ్విన్లలో ఎంపరర్, కింగ్ తర్వాత పెద్దది ఇదే. నీళ్లలో గంటకు 36 కిలోమీటర్ల దాకా ఈదగలదు, పెంగ్విన్లలో అంతకన్నా వేగమైనది లేదు. తల మీద ఒక కంటి నుంచి ఇంకో కంటి దాకా తెల్లటి పట్టీ ఉంటుంది. నల్లటి తల మీద ఆ తెలుపు తలపాగాలా కనిపించి ఇంగ్లీషు నావికులు జెంటూ అన్నారని ఎక్కువమంది చెప్పే వివరణ. దీనికి గట్టి రుజువు ఎవరూ చూపలేదు, కాబట్టి ఊహగానే తీసుకోండి. ఒకవేళ అదే నిజమైనా అక్కడ జెంటూ అంటే తలపాగా కట్టిన ఏ హిందువైనా కావచ్చు, ప్రత్యేకించి తెలుగువాడు అనడానికి ఆధారం లేదు. "పెంగ్విన్‌కు తెలుగువాళ్ల పేరు" అని గొప్పగా పెట్టే పోస్టులు అందుకే సరికాదు. దాని శాస్త్రీయ నామంలో "పపువా" అని ఉండడం ఇంకో పొరపాటు. న్యూ గినీలో ఈ పక్షి లేనే లేదు. తప్పుడు సమాచారం మీద ఆధారపడి 1781లో పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది.

లినక్స్‌కు గుర్తు పెంగ్విన్. డేనియల్ రాబిన్స్ తన లినక్స్‌కు మొదట ఈనాక్ అని పేరు పెట్టి, తర్వాత వేగంగా ఈదే ఈ పెంగ్విన్ పేరు మీద జెంటూ అని మార్చాడు. 2002లో దాని మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. మీ అబ్బాయి కంప్యూటర్‌కు ఆ పేరు వచ్చిన దారి అది.

మీరు ఇంకా వెతకాలనుకుంటున్నారు కాబట్టి పనికొచ్చే మాట ఒకటి. లైబ్రరీ కేటలాగుల్లో, డిజిటల్ ఆర్కైవ్‌లలో పాత తెలుగు రాతప్రతుల కోసం "తెలుగు" అని ఒక్క స్పెల్లింగ్‌తో వెతికితే సగం దొరకవు. ఇంగ్లీషులో జెంటూకు చివర ఊ ధ్వనిని రెండు ఓలతో, ఒక్క యూతో, యూఈతో మూడు రకాలుగా రాశారు. మొదటి అక్షరం జీ బదులు జే కూడా పెట్టి చూడండి. తెలుగుకు తెలూగూ, తెలింగ, ఇంగ్లీషులో మొదటి అక్షరం తర్వాత ఐ పెట్టిన తిలింగ రూపాలున్నాయి. పోర్చుగీసు, జెసూట్ మిషనరీల కాగితాలైతే బడగ అని వెతకాలి. అయితే నీలగిరి కొండల్లో బడగ అనే వేరే భాష, వేరే జనం ఉన్నారు. పందొమ్మిదో శతాబ్దం నుంచి వచ్చిన కాగితాల్లో బడగ అంటే దాదాపుగా వాళ్లే. దొరికిన ప్రతి కాగితం మీద సంవత్సరం, ఊరు, ఏ ఆఫీసుది అన్నవి ముందు రాసిపెట్టుకోండి, ఆ తర్వాతే జెంటూకు అర్థం రాయండి. మీ దగ్గరున్న రిజిస్టరు నకలులో సాక్షుల పేర్లు కనిపిస్తే ఆ పేజీ ఇక్కడ పెట్టండి. ఇంటిపేర్లను ఆ గుమాస్తా ఇంగ్లీషులో ఎలా విరిచి రాశాడో కలిసి చదువుదాం.